మెమరీ లీకును ఉచితంగా పట్టుకునే పనిముట్లు

ఈ ఏడాది మా కంప్యూటర్ తరగతిలో ఒక విద్యార్థి సి భాషలో ఒక ప్రోగ్రాము రాశాడు. దరఖాస్తుల ఫోల్డర్‌ను పదే పదే సరిచూస్తూ ఉండడమే దాని పని. పగలు చక్కగా నడిచింది. రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి కంప్యూటర్ బిగుసుకుపోయింది.

సి భాషలో మాలాక్‌తో అడిగి తీసుకున్న మెమరీని ఫ్రీతో మనమే తిరిగి ఇవ్వాలి. పెళ్లికి టెంట్‌హౌస్ నుంచి గిన్నెలు తెచ్చి, తిరిగి పంపకుండానే చీటీ పారేసుకున్నామనుకోండి. గిన్నెలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు, ఇంకొకరికి పనికీ రావు. ఆ చీటీయే పాయింటర్. ఒకసారికి పోయేది 4 కిలోబైట్లే కావచ్చు. అదే లక్షసార్లు జరిగితే 400 మెగాబైట్లు, పది లక్షలసార్లయితే 4 గిగాబైట్లు. ఆ పాత కంప్యూటర్‌లో ఉన్న ర్యామ్ మొత్తం అంతే.

లైనక్స్‌లో దీనికి మేము మొదట వాడేది వాల్‌గ్రిండ్. జూలియన్ సీవార్డ్ తయారుచేసిన ఈ పనిముట్టు 2002 నుంచి ఉచితంగా దొరుకుతోంది. (చాలామంది 'గ్రైండ్' అంటారు కానీ, చేసినవారు పలికేది 'గ్రిండ్' అనే.) ప్రోగ్రామును మైనస్ జీ ఎంపికతో కంపైల్ చేయాలి, అప్పుడే నివేదికలో లైను నంబర్లు కనిపిస్తాయి. తరువాత వాల్‌గ్రిండ్ పేరు, లీక్-చెక్ ఈక్వల్స్ ఫుల్ అనే ఎంపిక, చివర మన ప్రోగ్రాము పేరు ఇవ్వాలి. ప్రోగ్రాము ఇరవై ముప్పై రెట్లు నెమ్మదిగా నడుస్తుంది, కంగారు పడవద్దు.

నివేదికలో ముందు 'డెఫినిట్లీ లాస్ట్' చూడండి. చీటీ పోయిన గిన్నెలు అవే. 'స్టిల్ రీచబుల్' అంటే చీటీ ఇంకా చేతిలోనే ఉందని, దాన్ని తరువాత చూసుకోవచ్చు.

మా విద్యార్థి నడిపితే మొదటిసారి లీకులే లేవని వచ్చింది! పనిముట్టు తప్పు కాదది. నడిచిన దారినే వాల్‌గ్రిండ్ చూస్తుంది, నడవని దారి సంగతి దానికి తెలియదు. ఆ అబ్బాయి అన్నీ సరైన దరఖాస్తులే ఇచ్చాడు. ఫోన్ నంబరులో ఒక అంకె తక్కువున్న దరఖాస్తు ఇమ్మన్నాం. వెంటనే లీకు బయటపడింది. తప్పు కనబడగానే ఫంక్షన్ ఫ్రీ దాకా రాకుండానే రిటర్న్ అవుతోంది. ఆ రిటర్న్‌కు ముందు ఒక్క లైను చేరిస్తే సరిపోయింది. మా అనుభవంలో లీకులు ఎక్కువగా ఇలాంటి తప్పుల దారుల్లోనే దాగి ఉంటాయి.

అంత నెమ్మదిని భరించలేనివారికి అడ్రస్ శానిటైజర్ ఉంది. ఇది జీసీసీలోనూ క్లాంగ్‌లోనూ కలిసే వస్తుంది. కంపైల్ చేసేటప్పుడు ఎఫ్-శానిటైజ్ ఈక్వల్స్ అడ్రస్ అని చేరిస్తే చాలు, దాదాపు రెండు రెట్లే నెమ్మదిస్తుంది. అలా కంపైల్ చేసినదాన్ని మాత్రం వాల్‌గ్రిండ్ కింద నడపకండి, రెండింటికీ పొసగదు. విండోస్ వాడేవారికి డాక్టర్ మెమరీ అనే ఉచిత పనిముట్టు ఉంది.