నాయకుణ్ణి ఎట్లా పరీక్షించాలి? పసేనది రాజుకు బుద్ధుడు చెప్పిన నాలుగు మాటలు

మన ఆదివారం పాఠాల్లో ధమ్మం గురించి ఎంత మాట్లాడుకున్నా చివరికి ఒక ప్రశ్న వస్తుంది. "అన్నా, ఇవన్నీ బాగున్నయి. కానీ మనం ఓటేసి గెలిపించినోళ్ళు మనకేం చేస్తున్నరు? చెప్పేదొకటి, చేసేదొకటి గదా?"

దీనికి రెండు తేలిక జవాబులు బజార్లో దొరుకుతాయి. "అందరూ దొంగలే, ఎవడొచ్చినా అంతే" అనేది ఒకటి. "మా నాయకుడు దేవుడు, చుట్టూ ఉన్నోళ్ళే చెడగొడుతున్నరు" అనేది రెండోది. ఈ రెండిటిలో ఏది చెప్పినా పరీక్షించే పని తప్పిపోతుంది. కానీ మనకు అట్లా తప్పించుకునే వీలు లేదు. తన మాటను కూడా పరీక్షించిన తర్వాతే ఒప్పుకోమన్న గురువు దారిలో నడుస్తున్నాం. గురువునే పరీక్షించమన్న ధమ్మం ఎమ్మెల్యేను, మంత్రిని పరీక్షించకుండా వదిలేస్తుందా?

ఎట్లా పరీక్షించాలో కూడా ధమ్మంలోనే ఉంది. సంయుత్త నికాయంలో, కోసల సంయుత్తంలో వచ్చే ఒక సంఘటన చూద్దాం.

సుత్తంలోని కథ

బుద్ధుడు శ్రావస్తిలో పూర్వారామంలో ఉన్నాడు. సాయంత్రం ద్వారం బయట కూర్చుని ఉండగా కోసల రాజు పసేనది వచ్చాడు. అప్పుడే ఆ దారిన జడలు కట్టినవాళ్ళు, దిగంబరులు, ఒంటి బట్ట కట్టినవాళ్ళు, గోళ్ళు, వెంట్రుకలు పెంచినవాళ్ళు గుంపులు గుంపులుగా పోతున్నారు. రాజు లేచి, మోకాలు నేలకు ఆనించి, చేతులు జోడించి, తన పేరు చెప్పుకొని మూడుసార్లు వాళ్ళకు దండం పెట్టాడు. తర్వాత బుద్ధుడి దగ్గరికి వచ్చి, లోకంలో అర్హతులైనవాళ్ళలో వీళ్ళూ ఉన్నారని అన్నాడు.

బుద్ధుడు అవునని అనలేదు, కాదని కూడా అనలేదు. సంసార సుఖాల్లో ఉన్న నీకు అది తెలుసుకోవడం కష్టం అన్నాడు. తర్వాత మనిషిని తెలుసుకునే నాలుగు మార్గాలు చెప్పాడు. శీలం కలిసి ఉంటే తెలుస్తుంది. నిజాయితీ వ్యవహారంలో తెలుస్తుంది. స్థైర్యం ఆపదలో తెలుస్తుంది. ప్రజ్ఞ సంభాషణలో తెలుస్తుంది. ఇవన్నీ కూడా చాలాకాలం చూస్తేనే, మనసు పెట్టి చూస్తేనే తెలుస్తాయి. పైపైన చూసేవాడికి తెలియవు.

అప్పుడు రాజు అసలు సంగతి బయటపెట్టాడు. వాళ్ళు సాధువులు కారు, తన గూఢచారులే. ఊళ్ళు తిరిగి సమాచారం తెచ్చారు. ఇంటికి పోయి స్నానం చేసి, గంధం పూసుకొని, తెల్ల బట్టలు కట్టుకొని సుఖంగా ఉంటారు.

రాజు దండం పెట్టింది వేషానికి. మనం కూడా ఖద్దరుకో, నీలి కండువాకో, విగ్రహావిష్కరణ ఫోటోకో దండం పెడుతున్నామా? ఈ నాలుగు పరీక్షలను మన కళ్ళ ముందున్న చోటికి తెచ్చి చూద్దాం.

మన కళ్ళ ముందున్న చోటు

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ నుంచి అశోక్‌నగర్ గల్లీల దాకా, ఇటు నారాయణగూడ దాకా నడిచి చూడండి. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, మెస్‌లు, జిరాక్స్ షాపులు, పాత పుస్తకాల బండ్లు. పాలమూరు నుంచి, ఆదిలాబాద్ నుంచి, నల్లగొండ నుంచి వచ్చిన పిల్లలు ఇరుకు గదుల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నారు. ఊళ్ళో కూలికి పోయే తల్లి నెల నెలా పైసలు పంపుతుంది. వీళ్ళలో మన పిల్లలు చాలామంది.

గ్రూప్-1 అంటే డిప్యూటీ కలెక్టర్, డీఎస్పీ. పాలనలో కీలకమైన కుర్చీల్లో మనవాళ్ళు కూర్చోవాలని బాబాసాహెబ్ ఎందుకు పట్టుబట్టాడో మనకు తెలుసు. రాజ్యాంగంలో 16(4) అధికరణం, పబ్లిక్ సర్వీస్ కమిషన్ల అధికరణాలు ఆ దారి కోసమే ఉన్నాయి. అందుకే నాయకుడి మాటకు, చేతకు మధ్య దూరం కొలవాలంటే అశోక్‌నగర్ మంచి కొలబద్ద.

మొదటి పరీక్ష: శీలం, కలిసి ఉంటేనే తెలుస్తుంది

నీళ్ళు, నిధులు, నియామకాలు అన్న నినాదంతో తెలంగాణ వచ్చింది. 2014లో అధికారంలోకి వచ్చిన ప్రభుత్వం రాష్ట్రంలో మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ ఇవ్వడానికి 2022 ఏప్రిల్ దాకా పట్టింది. పోస్టులు 503. దళితుణ్ణి ముఖ్యమంత్రిని చేస్తామన్న మాట, భూమిలేని దళిత కుటుంబాలకు మూడెకరాలన్న మాట ఏమయ్యాయో వేరే చెప్పక్కర్లేదు.

అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న కాంగ్రెస్ 2023 మే 8న సరూర్‌నగర్ సభలో యూత్ డిక్లరేషన్ ప్రకటించింది. ఎన్నికలకు అయిదు రోజుల ముందు, నవంబర్ 25న, రాహుల్ గాంధీ అశోక్‌నగర్ వచ్చి ఉద్యోగార్థులతో మాట్లాడారు. ఏడాది తిరగక ముందే, 2024 అక్టోబర్‌లో, జీవో 29 మీద అదే అశోక్‌నగర్‌లో ఆందోళన మొదలైంది. ఈసారి బీజేపీ నాయకులు, బీఆర్ఎస్ నాయకులు వచ్చి విద్యార్థుల పక్కన నిలబడ్డారు.

గమనించండి. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు అందరికీ అశోక్‌నగర్ దారి తెలుస్తుంది. అధికారం రాగానే ఆ దారి మరుగున పడుతుంది. ఒక సాయంత్రం వచ్చి పోవడం సహవాసం కాదు. అయిదేళ్ళు ఎక్కడ ఉన్నాడు, ఎవరి మధ్య ఉన్నాడు అని చూడాలి.

రెండో పరీక్ష: నిజాయితీ, వ్యవహారంలో తెలుస్తుంది

వ్యవహారం అంటే ఇచ్చిపుచ్చుకోవడం, లెక్క. 2018 ఎన్నికల్లో టీఆర్ఎస్ నెలకు 3,016 రూపాయల నిరుద్యోగ భృతి ఇస్తామన్నది. అయిదేళ్ళు పోయాయి, ఇవ్వలేదు. 2023లో కాంగ్రెస్ 4,000 అన్నది. మొదటి ఏడాది గడిచేసరికి అదీ రాలేదు. మొదటి ఏడాదిలోనే 2 లక్షల ఉద్యోగాలు అన్నారు. ఏడాది నిండినప్పుడు ప్రభుత్వం తానే చెప్పుకున్న లెక్క 55 వేల పైచిలుకు. అందులోనూ చాలా నియామకాలు అంతకుముందు ప్రభుత్వం ఇచ్చిన నోటిఫికేషన్లవి.

ఇక్కడ మనం కూడా నిజం తప్పకూడదు. జరిగిన మంచిని దాచితే అదీ అబద్ధమే, నాలుగో శీలానికి విరుద్ధమే. 11,062 టీచర్ పోస్టుల డీఎస్సీ 2024లో పరీక్ష పెట్టి, అదే ఏడాది అక్టోబర్ 9న నియామక పత్రాలు ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టు 2న అసెంబ్లీలో జాబ్ క్యాలెండర్ ప్రకటించారు. ఇవి జమలో రాయాలి. 2 లక్షల మాట ఖర్చులో రాయాలి. రెండూ రాస్తేనే ఖాతా అవుతుంది.

మూడో పరీక్ష: స్థైర్యం, ఆపదలో తెలుస్తుంది

2022 అక్టోబర్ 16న గ్రూప్-1 ప్రిలిమ్స్ జరిగింది. 2023 మార్చిలో పేపర్ లీకేజీ బయటపడింది. కమిషన్‌లో పనిచేసేవాళ్ళే అరెస్టయ్యారు. పరీక్ష రద్దయింది. జూన్ 11న మళ్ళీ పెట్టారు. బయోమెట్రిక్ తీసుకోలేదన్న కారణంతో సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 783 పోస్టుల గ్రూప్-2కు 2022 డిసెంబర్‌లో నోటిఫికేషన్ వస్తే, ఎన్నో వాయిదాల తర్వాత పరీక్ష జరిగింది 2024 డిసెంబర్‌లో. రెండేళ్ళ గది కిరాయి, మెస్ బిల్లు ఎవరు కట్టారు? ఆ కూలి తల్లే.

లీకేజీ బయటపడిన నెల తర్వాత, 2023 ఏప్రిల్ 14న, నగరంలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఆవిష్కరించారు. విగ్రహం చూసి మనందరి కళ్ళు చెమర్చాయి, అది నిజం. కానీ ఎవరి కోసం బాబాసాహెబ్ 16(4) రాయించాడో ఆ పిల్లల పరీక్ష కాగితాలు అమ్ముడుపోతే పదవి వదులుకున్న మంత్రి ఒక్కరైనా ఉన్నారా?

బాబాసాహెబ్ వదిలాడు. హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగనివ్వనందుకు, ఇంకా కొన్ని కారణాలకు, 1951 సెప్టెంబర్‌లో కేంద్ర న్యాయశాఖ మంత్రి పదవికి రాజీనామా చేశాడు. 1935లో యేవలాలో హిందువుగా చావనని ప్రకటించాడు, 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ధమ్మదీక్ష తీసుకున్నాడు. ఇరవై ఒక్క ఏళ్ళు ఒకే మాట మీద నిలబడ్డాడు. ఆపదలో స్థైర్యం, చాలాకాలం చూస్తే తెలిసే శీలం, రెండూ ఇక్కడ కనిపిస్తాయి.

నాలుగో పరీక్ష: ప్రజ్ఞ, సంభాషణలో తెలుస్తుంది

అశోక్‌నగర్ పక్కనే ఇందిరాపార్కు ధర్నాచౌక్. ఉద్యమం నుంచి వచ్చిన ప్రభుత్వమే 2017లో అక్కడ ధర్నాలు వద్దన్నది. చివరికి హైకోర్టు జోక్యంతో 2018లో మళ్ళీ దారి తెరుచుకుంది. 2021 నవంబర్ 18న వడ్ల కొనుగోలు మీద కేంద్రానికి వ్యతిరేకంగా స్వయంగా ముఖ్యమంత్రి కేసీఆర్ అదే ధర్నాచౌక్‌లో ధర్నాకు కూర్చున్నారు. తనకు అవసరమైనప్పుడు హక్కు, ఇతరులు అడిగితే శాంతిభద్రతల సమస్య!

2024 అక్టోబర్‌లో ఇంకోరకంగా అదే జరిగింది. మెయిన్స్‌కు ఎంపిక పద్ధతిని మార్చిన జీవో 29 వల్ల రిజర్వేషన్ అభ్యర్థులకు నష్టమని విద్యార్థులు అన్నారు. నష్టం లేదని ప్రభుత్వం అన్నది. పరీక్ష ఆపడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, అక్టోబర్ 21న మెయిన్స్ మొదలైంది. జీవో తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. కానీ దానికి ముందు రోజుల్లో, ప్రశ్న అడుగుతూ రోడ్డెక్కినవాళ్ళ మీద లాఠీ లేచింది. తెలివైన పాలకుడు ప్రశ్నకు జవాబుతో ఎదురెళ్తాడు, లాఠీతో కాదు. వజ్జీలు తరచుగా సమావేశమవుతూ, కలిసి చర్చించుకున్నంత కాలం వాళ్ళకు పతనం లేదని బుద్ధుడు చెప్పింది ఇందుకే.

నెగ్గినవాళ్ళు లేరా?

ఉన్నారు. 1967లో రిపబ్లికన్ పార్టీ తరఫున ఎల్లారెడ్డి నుంచి శాసనసభకు గెలిచిన జెట్టి ఈశ్వరీబాయి ఉన్నారు. సభలో ఎదురుగా ఎంత పెద్దవాళ్ళున్నా దళితుల తరఫున, మహిళల తరఫున నిలదీసి అడిగిన మనిషి. మనకు దగ్గర్లోనే బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. ఆ పుచ్చలపల్లి సుందరయ్య పేరు చివరి రెడ్డి తీసేసుకున్నాడు, ఆస్తి పార్టీకి ఇచ్చేశాడు, పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్ళాడు. ఆయన సిద్ధాంతంతో మనకు పేచీ ఉండొచ్చు. మాటకు, నడతకు మధ్య సందు లేకపోవడాన్ని మాత్రం గౌరవించాలి. బుద్ధుణ్ణి యథావాదీ తథాకారీ అంటారు. అంటే ఎట్లా చెప్తాడో అట్లా చేసేవాడు.

మనోళ్ళ సంగతి, మన సంగతి

"మనోడు గెలిస్తే చాలు" అనుకుంటాం. తెలంగాణలో 119 సీట్లలో 19 ఎస్సీ రిజర్వుడు. మరి ఆ 19 మంది నోరెందుకు పెగలదు? 1932 పూనా ఒప్పందంతో ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి. రిజర్వుడు సీటులో కూడా గెలుపు ఇతరుల ఓట్ల మీద, పార్టీ ఇచ్చే బీ-ఫారం మీద ఆధారపడింది. ఎవరి దయతో గెలిచాడో వాళ్ళకే జవాబుదారీ అవుతాడు. కాబట్టి మనోడైనా సరే, ఈ నాలుగు పరీక్షలు తప్పవు.

ఇక మనం. ఓటుకు పైసలు తీసుకున్నవాడికి నాయకుణ్ణి అడిగే నోరు ఉంటుందా? రెండు వేలకు ఓటు ఇచ్చినప్పుడు ఆ వ్యవహారం అక్కడికే ముగిసింది. పంచశీల తీసుకున్న ఇంట్లో ఆ నోటు అడుగుపెట్టకూడదు. రాజకీయాల్లో వ్యక్తిపూజ నియంతృత్వానికి దారి తీస్తుందని బాబాసాహెబ్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో హెచ్చరించాడు. ఆ హెచ్చరిక మన పూజగదులకు కూడా వర్తిస్తుంది.

ఈ నెల అభ్యాసం

1. ఒక నోటుబుక్ పెట్టండి. మీ ఎమ్మెల్యే, కార్పొరేటర్ ఇచ్చిన మాట, తేదీ ఒకవైపు, జరిగింది మరోవైపు రాయండి. జమ, ఖర్చు రెండూ రాయండి.

2. ఎన్నికల అఫిడవిట్‌లో మీ అభ్యర్థి ఆస్తులు, కేసులు ఉంటాయి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. పోయినసారి అఫిడవిట్‌తో పోల్చి చూడండి.

3. 2017 ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద మీ జిల్లాలో ఎంత కేటాయించారు, ఎంత ఖర్చయింది అని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. లైబ్రరీలో చదువుకునే మన పిల్లల చేత రాయించండి, వాళ్ళకూ అలవాటవుతుంది.

4. కోపంతో అడగవద్దు. కాగితం చేతిలో పెట్టుకొని, సమ్యక్ వాక్కుతో అడగండి. జవాబు వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ అడగండి.

చర్చకు ప్రశ్నలు

పసేనది రాజు గూఢచారులకు ఎందుకు దండం పెట్టి చూపించాడు? బుద్ధుడు వెంటనే తీర్పు చెప్పకపోవడంలో మనకేం పాఠం ఉంది?

నాలుగు పరీక్షల్లో మీ బస్తీ నాయకుడు దేనిలో నెగ్గాడు, దేనిలో ఓడాడు? ఉదాహరణ చెప్పండి.

మన సంఘం అధ్యక్షుణ్ణి, కోశాధికారిని కూడా ఇదే కొలతతో కొలుస్తున్నామా?

నమో బుద్ధాయ. జై భీమ్.