పరికరపు జ్ఞాపకం

వరంగల్లు నగరంలోని కాశిబుగ్గలో ఒక ఎలక్ట్రానిక్ మరమ్మతు దుకాణాన్ని ఊహించండి. విద్యుత్ తరంగాలను తెరపై చూపే ఆసిలోస్కోపును రాత్రి ఆపివేసినా, అది ఉదయం నిన్నటి అమరికలతోనే మేల్కొంటుంది. పూర్వం అనేక పరికరాలలో చిన్న బ్యాటరీయే ఆ అమరికలను కాపాడేది. బ్యాటరీ క్షీణిస్తే అవి చెరిగిపోయేవి. 1967లో బెల్ ప్రయోగశాలల శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన 'ఫ్లోటింగ్ గేట్' ఫ్లాష్ మెమరీకి మూలమైంది. అందులో బంధింపబడిన ఎలక్ట్రాన్లు విద్యుత్తు లేకున్నా ఏళ్లతరబడి నిలుస్తాయి.

అయితే ఈ జ్ఞాపకానికి వివేకం లేదు. నిన్నటి అమరిక తగ్గింపు లేని ప్రోబుకు తగినదైతే, నేడు వోల్టేజిని పదో వంతుకు తగ్గించే ప్రోబు తగిలించినపుడు 300 వోల్టులు 30గా కనబడతాయి. ఆ అంకెను నమ్మి చేయి పెట్టడం ప్రాణాంతకం. కావున పని ఆరంభించే ముందు అమరికలను సరిచూచుకోవడం విద్యార్థులు అలవరచుకోవాలి.