పటిక నువ్వే కలుపు

నల్గొండ

చి. చిట్టికి,

సైన్స్ డేకి మీ బడిలో ఫ్లోరైడ్ నీళ్ళ ప్రాజెక్టు పెడుతున్నారని, అందులో నీ పేరూ ఉందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషమేసింది. నీ పనేమిటని అడిగితే, "చార్టులు రాస్తోంది, దాని దస్తూరీ బాగుంటుంది కదా" అంది. అక్కడే మనసు చివుక్కుమంది.

ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరైనదాన్ని, ఈ పంపకం నాకు కొత్త కాదు. వైర్లు, బ్యాటరీలు, స్పిరిట్ ల్యాంపు మగపిల్లల దగ్గరికి పోతాయి. రంగు కాగితాలు అతికించడం, వచ్చిన అతిథులకు బొట్టుపెట్టి పూలివ్వడం ఆడపిల్లలకు మిగులుతాయి. కక్షగట్టి ఎవరూ చెయ్యరు, అలవాటుగా జరిగిపోతుంది. మీ ప్రాజెక్టు సంగతి మరీ విడ్డూరం. ఈ జిల్లాలో బోరింగుల దగ్గర బిందెలు నింపిందీ, ఆ నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయినవాళ్ళకు చాకిరీ చేసిందీ ఎక్కువగా ఆడవాళ్ళే. అవే నీళ్ళను పరీక్షించేటప్పుడు నువ్వు చార్టు పక్కన నిలబడాలా?

మీరు చూపించబోయేది నల్గొండ టెక్నిక్. నాగపూర్ నీరి సంస్థ శాస్త్రజ్ఞులు రూపొందించి మన ఊరి పేరు పెట్టారు. సున్నం, పటిక వేసి ముందు జోరుగా, తర్వాత మెల్లగా తిప్పితే దూదిపింజల్లాంటి తెట్టు కట్టి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కు దిగుతుంది. సున్నం పటికలో ఇరవయ్యో వంతు చాలు. పటిక ఎంతన్నదే అసలు లెక్క. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతుంది, క్షారత ఎంతుంది అన్నదాన్నిబట్టి అది బోరు బోరుకూ మారుతుంది. తక్కువైతే ఫ్లోరైడ్ దిగదు, ఎక్కువైతే అల్యూమినియం మిగులుతుంది. (రుచి చూసే తెలివి మాత్రం చూపించకు.) ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ఎర్ర స్కెచ్‌తో ఎవరైనా రాస్తారు. మీ వీధి బోరు నీళ్ళలో అది ఎంత నుంచి ఎంతకు దిగిందో కొలిచి, నీ నోట్సులో నువ్వు రాసుకోవాలి. మొదటిసారే కుదరదు. కుదరని అంకె కూడా కొట్టెయ్యకుండా ఉంచు.

సైన్స్ డే అంటే ఫిబ్రవరి 28, సి.వి. రామన్ ఆవిష్కరణ రోజు. రామన్ గొప్పవాడే. అయినా 1933లో, బొంబాయి బీఎస్సీలో మొదటి స్థానంలో నిలిచిన కమలా భగవత్ బెంగళూరు ఐఐఎస్సీలో చేరతానంటే, ఆడపిల్లవని కాదన్నది ఆయనే. ఆమె బెంగళూరు వెళ్ళి పట్టుబట్టింది. చివరికి ఏడాది పరీక్షాకాలమని షరతులు పెట్టి చేర్చుకున్నాడు. ఆమె 1939లో కేంబ్రిడ్జి డాక్టరేట్ తెచ్చుకుంది. తర్వాత కమలా సోహోనీగా, మన తాటిచెట్ల నుంచి దిగే నీరాలోని పోషకాల మీద పరిశోధన చేసింది. స్టేజీ మీద రామన్ పటానికి దండ వేసేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పమని మీ హెడ్‌మాస్టరుగారిని అడుగు. ఏమంటారో చూద్దాం.

అన్నట్టు, బడిపిల్లల కొత్త ఆలోచనలను ప్రోత్సహించే ఇన్‌స్పైర్ మానక్ పథకానికి నీ ఆలోచన ఏదైనా బడి నుంచి పంపించమను. ఎంపికైతే నమూనా చెయ్యడానికి 10,000 రూపాయలిస్తారు.

ముందు మీ సైన్స్ సార్‌ని కలిసి, చార్టులు అందరం తలా ఒకటి రాస్తాం, ప్రయోగంలో నాకూ వంతివ్వండి అని చెప్పు. భయమేస్తే నాకు ఫోన్ చెయ్యి. సార్‌తో నేను మాట్లాడను, ఎలా అడగాలో నీకు చెబుతాను.

నీ
అమ్మమ్మ