టవర్ లేని రన్‌వే: క్విన్సీ ప్రమాదం (పోటీ పరీక్షల ప్రత్యేకం)

రన్‌వే ఇన్‌కర్షన్: ల్యాండింగ్, టేకాఫ్‌లకు కేటాయించిన రక్షిత ప్రాంతంలోకి విమానం, వాహనం లేదా వ్యక్తి నిబంధనలకు విరుద్ధంగా రావడం (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో నిర్వచనం). మనిషి అడ్డొచ్చినా ఇన్‌కర్షనే. బిట్ అక్కడే పడొచ్చు.

కంట్రోల్ టవర్ లేనిచోట అనుమతులిచ్చేవారు ఉండరు. పైలట్లే ఉమ్మడి ఫ్రీక్వెన్సీలో తమ స్థానం, ఉద్దేశం చెప్పుకోవాలి. అమెరికాలో దీని పేరు సీటీఏఎఫ్. దిగుతున్న విమానానికే ప్రాధాన్యం.

కేస్ స్టడీ: 1996 నవంబరు 19, క్విన్సీ, ఇల్లినాయ్. 13వ రన్‌వేపై యునైటెడ్ ఎక్స్‌ప్రెస్ 5925 (బీచ్‌క్రాఫ్ట్ 1900) దిగుతోంది. దాన్ని ఖండించే 04వ రన్‌వేపై కింగ్ ఎయిర్ విమానం టేకాఫ్‌కు నిలిచింది. ఆగుతారా అని 5925 సిబ్బంది రేడియోలో అడిగితే, కింగ్ ఎయిర్ వెనకున్న చెరోకీ విమాన పైలట్ బదులిచ్చాడు. ఆ జవాబు కింగ్ ఎయిర్‌దే అనుకున్నారు. కింగ్ ఎయిర్ టేకాఫ్ మొదలెట్టింది. రన్‌వేల కూడలిలో ఢీ, రెండు విమానాల్లోని 14 మందీ మృతి. అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చిన ప్రధాన కారణం: కింగ్ ఎయిర్ పైలట్లు రేడియో సరిగా వినకపోవడం, పరిసరాలు గమనించకపోవడం.

ఈ సంఖ్యల అర్థం: రన్‌వే సంఖ్య = అయస్కాంత దిశ ÷ 10. అంటే 13 = సుమారు 130 డిగ్రీలు.

ఐకావోకు మూలమైన షికాగో ఒప్పందం: 1944 డిసెంబరు 7. ఐకావో కేంద్రం: మాంట్రియల్. ఒప్పందపు అనుబంధాలు: 2 గగనతల నియమాలు, 11 ఎయిర్ ట్రాఫిక్ సేవలు, 13 ప్రమాద దర్యాప్తు, 14 విమానాశ్రయాలు. జతపరిచే ప్రశ్నల్లో చివరి రెండింటినీ తారుమారు చేసి ఇవ్వొచ్చు, జాగ్రత్త.