ఫ్లాపీ పట్టింది, చదవలేదు

మా తరం వాళ్ళకు ఫ్లాపీ అంటే కంప్యూటర్ తెరమీద 'సేవ్' అనే చోట కనిపించే చిన్న బొమ్మ. అసలు వస్తువును నేను చేత్తో పట్టుకున్నది నిరుడే. మా డిపార్టుమెంటు బీరువా సర్దుతుంటే ఒక అట్టపెట్టె దొరికింది. అందులో పది ఫ్లాపీలు. పెట్టె మీద సిరాతో "బావులు, 1994" అని రాసి ఉంది. రిటైరైన మాస్టారొకరు చుట్టుపక్కల ఊళ్ళ బావుల్లో నీటిమట్టం నెలనెలా కొలిపించి, ఆనాటి సన్ స్పార్క్‌స్టేషన్ మీద ఎక్కించారట. పెట్టెలోని ఊళ్ళ పట్టికలో మా ఊరి పేరూ ఉంది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ మాకు బోరునీళ్ళే. నాన్న మాత్రం "మన బావికి రెండు బారల చేదతాడు చాలేదిరా" అంటాడు. అదెంత నిజమో చూద్దామని నాకు ఆత్రం.

యు.ఎస్.బి. ఫ్లాపీ డ్రైవు ఒకటి తెచ్చి పెట్టాను. ఫ్లాపీ టక్కున పట్టింది. తెరమీద మాత్రం "డిస్క్ ఫార్మాట్ చేసి లేదు, చేయమంటారా?" అని వచ్చింది. నా వేలు 'అవును' దాకా వెళ్ళింది. పక్కనున్న లెక్చరర్ గారు "ఆగవోయ్! అది నొక్కితే ఉన్నదీ పోతుంది" అని కేకేశారు. ఆ కేకే నాకు మొదటి పాఠం. ఫ్లాపీ యంత్రంలో పట్టడం వేరు, యంత్రం దాన్ని చదవడం వేరు. సరిపోతుందా అని అడిగేముందు నాలుగు సంగతులు చూసుకోవాలి.

మొదటిది సైజు. 1971లో ఐ.బి.ఎం. తెచ్చిన ఫ్లాపీ 8 అంగుళాలది. 1976లో 5¼ అంగుళాలది, 1980లలో 3½ అంగుళాలది వచ్చాయి. సైజు ఒకటైనా చిక్కు తీరదు. 5¼లో 360 కె.బి. రకం ట్రాకులు వెడల్పు, 1.2 ఎం.బి. డ్రైవు తల సన్నం. వెడల్పు చాలు మీద సన్న నాగలి తోలితే అంచుల్లో పాతమట్టి మిగిలినట్టే, పాత రాత అంచుల్లో మిగిలిపోతుంది. అలా తిరగరాసిన ఫ్లాపీని మళ్ళీ పాత డ్రైవులో పెడితే రెండు రాతలూ కలగలిసి తికమకపడుతుంది.

రెండోది రాసే తీరు. పాత మాకింతోష్ 400, 800 కె.బి. ఫ్లాపీలు ట్రాకును బట్టి వేగం మార్చుకుంటూ తిరుగుతాయి. పి.సి. డ్రైవుది ఒకటే వేగం. పైగా రెండింటి సంకేత పద్ధతులూ వేరు. మామూలు పి.సి. డ్రైవు వాటిని చదవలేదు.

మూడోది అమరిక. పి.సి. 1.44 ఎం.బి. ఫ్లాపీకి రెండు వైపులు, వైపుకు 80 ట్రాకులు, ట్రాకుకు 18 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు. గుణిస్తే 14,74,560. సన్ యంత్రం రాసేదీ ఇదే కొలత. మరి ఎందుకు తెరవలేదు? పి.సి. అందులో డాస్ పద్ధతి విషయసూచిక కోసం వెతికింది. మాస్టారు యునిక్స్‌లోని 'టార్' ఆదేశంతో నేరుగా రాసేశారు. సూచిక కనబడక, పి.సి. ఖాళీ పుస్తకం అనుకుంది.

అందుకని ముందు ఫ్లాపీ మూలనున్న చిన్న పలకను జరిపి రంధ్రం తెరిచాం. అలా ఉంటే దానిమీద కొత్తగా రాత పడదు. తర్వాత లినక్స్‌లో 'డి.డి.' ఆదేశంతో మొదటి సెక్టారు నుంచి చివరిదాకా నకలు తీసి, ఆ నకలు మీదే 'టార్' నడిపాం. ఫైళ్ళు బయటపడ్డాయి!

నాలుగో చిక్కు అప్పుడొచ్చింది. 1994 నవంబరులో మా బావిలో నీళ్ళు 3072 అడుగుల లోతున ఉన్నాయట! రెండు బైట్ల అంకెలో స్పార్క్ పెద్ద బైటును ముందు రాస్తుంది. పి.సి. చిన్న బైటు ముందుందని అనుకుంటుంది. బైట్లు తారుమారు చేసి చదివితే 3072 కాస్తా 12 అయింది.

పదింటిలో ఏడు చదవగలిగాం. రెండు బూజుపట్టి పోయాయి. ఒకటి మాకింతోష్ 800 కె.బి. రకం. దానికి పాత మాకింతోష్ కావాలి, లేదా అయస్కాంత మార్పులను ఉన్నవున్నట్టు పట్టే 'గ్రీజ్‌వీజిల్' లాంటి బోర్డును పాత డ్రైవుకు తగిలించాలి. ఆ పని ఇంకా మిగిలే ఉంది.

మిత్రులారా, జపానులో సోనీ కంపెనీ 2011లోనే ఫ్లాపీల అమ్మకం మానేసింది. మీ ఇళ్ళల్లో, ల్యాబుల్లో ఇలాంటి పెట్టెలుంటే ఇప్పుడే నకలు తీయండి. ఏ యంత్రంలో, ఏ ఆదేశంతో రాశారో కాగితం మీద రాసి పక్కన పెట్టండి. మాకు దారి చూపింది మాస్టారు సిరాతో రాసిన ఆ చీటీయే.

సెలవులకు ఇంటికెళ్ళి నాన్నకు చెప్పాను: పన్నెండడుగులని. "ఇందాకే చెప్పాను కదరా, రెండు బారలని" అన్నాడు. బార అంటే సుమారు ఆరడుగులు.