నొప్పికి అంకె ఒక్కటే చాలదు

సున్నా నుంచి పది వరకు అంకెల్లో నొప్పి ఎంత? ఫిజియోథెరపీలో తరచుగా అడిగే ప్రశ్న ఇది. రోగి ఏడు అంటే 7 అని రాసుకుంటారు. అది సలుపా, పోటా, తిమ్మిరా అన్నది ఆ అంకెలో ఉండదు. ఇంటి దగ్గర వ్యాయామం ఎందుకు మానేశారో కూడా ఉండదు. ఇలాంటివి తెలుసుకునే మార్గమే గుణాత్మక పరిశోధన.

ఇందులో కొద్దిమందితోనే వివరంగా మాట్లాడతారు. వారి మాటలను ఉన్నదున్నట్టు రాసి, మళ్లీ మళ్లీ వచ్చే అంశాలను గుర్తిస్తారు. చాలా అధ్యయనాల్లో కొత్త అంశాలు రావడం ఆగేదాకా ఇంటర్వ్యూలు సాగుతాయి.

పక్షవాతం వచ్చినవారికి ఇంట్లో వ్యాయామాలు చేయించేలా కుటుంబసభ్యులకు శిక్షణ ఇస్తే మేలు జరుగుతుందా? దీన్ని మన దేశంలోని 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో ‘అటెండ్’ అధ్యయనం పరీక్షించింది. 2017లో ఫలితాలు వెలువడ్డాయి. ఆరు నెలల తర్వాత మరణించినవారు, ఇతరులపై ఆధారపడినవారు కలిపి రెండు బృందాల్లోనూ 47 శాతమే. అంకెలు ‘తేడా లేదు’ అని తేల్చాయి. శిక్షణ ఇళ్లలో ఎలా అమలైందో తెలుసుకోవడానికి మాత్రం రోగులను, కుటుంబసభ్యులను, సిబ్బందిని అడగాల్సి వచ్చింది.

అడిగే భాష కూడా ముఖ్యమే. ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు పట్టణం భిలాయిలో ఒక తెలుగు పెద్దాయన చెప్పే ‘సలుపు’, ‘పోటు’ హిందీలో రెండూ ‘దర్ద్’ అయిపోవచ్చు. అందుకే ఇంటర్వ్యూ రోగి భాషలో జరగాలి. అనువాదంలోనూ ఆయన వాడిన మాట పక్కనే ఉండాలి.