కాచినా పోనిది

“బిడ్డకు ఏ నీళ్లు పడుతున్నారమ్మా?” అని మేము అడిగితే చాలామంది తల్లులు “కాచి చల్లార్చిన నీళ్లే సిస్టరుగారూ” అంటారు. మంచి అలవాటే. కాచితే విరేచనాలు, టైఫాయిడ్ కలిగించే క్రిములు చస్తాయి. కాని కాచినా పోనిది ఒకటుంది. దాని గురించి తెలుసుకుందాం.

పొలంలో చల్లిన యూరియా, డి.ఎ.పి. అంతా పైరుకే అందదు. కొంత వాననీటితో కాలువలోకి, వాగులోకి, నదిలోకి పోతుంది. ఊరి మురుగు, చేపల చెరువులు వదిలే నీరు దానికి తోడవుతాయి. వీటిలోని నత్రజని, భాస్వరం నీటిమొక్కలకు కూడా ఎరువే గదా! అందుకే డెల్టా కాలువల్లో, కొల్లేటిలో గుర్రపుడెక్క అల్లుకుంటుంది, నాచు పెరుగుతుంది. నాచు చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు తరిగిపోతుంది. చేపలు పైకి తేలి నోళ్లు తెరవడం మీరు చూసే ఉంటారు.

నత్రజనిలో కొంత నైట్రేటుగా మారి, నేలలోకి ఇంకి, బావులకు, బోర్లకు చేరుతుంది. దానికి రంగు, వాసన లేవు. తాగేనీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని మన దేశపు ప్రమాణం. నీరు మరిగి ఆవిరైనకొద్దీ మిగిలిన నీటిలో నైట్రేటు ఇంకా చిక్కనవుతుంది. ఆ నీటితో కలిపిన డబ్బాపాలు ఆరు నెలల లోపు బిడ్డకు పడితే రక్తం ప్రాణవాయువును మోయలేదు. పెదవులు, గోళ్లు నీలిరంగుకు తిరుగుతాయి. దీనినే ‘బ్లూ బేబీ’ జబ్బు అంటారు. దీనికి బావినీటితో గల సంబంధాన్ని 1945లో అమెరికాలోని అయోవా రాష్ట్రపు వైద్యుడు హంటర్ కామ్లీ వెల్లడించారు.

మనం చేయవలసినవి:

1. ఆరు నెలల వరకు తల్లిపాలే ఇవ్వండి. విడిగా నీళ్లు అక్కరలేదు. తల్లి తాగిన నీటిలోని నైట్రేటు పాలలోకి అంతగా దిగదు.

2. డబ్బాపాలు తప్పనిసరైతే, ముందు బావినీటిని, బోరునీటిని పరీక్ష చేయించండి. గుడ్డతో వడగట్టినా, క్లోరిన్ బిళ్ల వేసినా నైట్రేటు పోదు.

3. బిడ్డ పెదవులు నీలిరంగుకు తిరిగితే నాటువైద్యంతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఏ నీళ్లు పట్టారో చెప్పండి. ఈ జబ్బుకు మందు ఉంది.

4. రైతు సోదరులు యూరియాను విడతలుగా వేయండి. వాన ముంచుకొచ్చేటప్పుడు చల్లకండి. బావి దగ్గర పెంటకుప్ప ఉంచకండి.

కాచిన నీళ్లు మానమని మేము అనడం లేదు, కాచుకునే తాగండి. అయితే ఆ నీరు ఎక్కడి నుండి వస్తున్నదో కూడా ఒకసారి చూసుకోండి.